ప్యాకెట్ లాస్‌కి తెలుగు మాట: పోవడమా, రాలడమా?

వైర్‌లెస్ నెట్‌వర్క్‌ని కంప్యూటర్లోనే అనుకరించి, అందులో కావాలనే ప్యాకెట్లు (డేటాను ముక్కలు చేసి పంపే చిన్న చిన్న పొట్లాలు) పోయేలా చేసే పద్ధతి మీద మా విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘లాస్’ దగ్గర ఆగిపోయాను. ‘నష్టం’ అంటే వ్యాపారంలో డబ్బు పోయినట్టుంది. ‘తప్పిపోవడం’ బాగుందనుకున్నాను గానీ, ‘ప్యాకెట్లను తప్పించాం’ అనగానే ఏదో ఆపద నుంచి కాపాడినట్టు అర్థం తిరగబడుతోంది. ‘పోగొట్టాం’ అంటే అజాగ్రత్త.

‘రాలడం’ నచ్చింది. దానంతట అది పోతే రాలింది, మనం పనిగట్టుకుని చేస్తే రాల్చాం. లినక్స్‌లో నెట్‌వర్క్ ఇబ్బందులను అనుకరించే నెటెమ్ అనే పనిముట్టు ప్యాకెట్లు పోయేలా చేయడమంటే అచ్చంగా ఈ రాల్చడమే. మీరేమంటారు?

— మామిడితోటలో పెరిగినదాన్ని, నా ఓటు దీనికే. గాలి లేని రోజు అక్కడొకటి ఇక్కడొకటి రాలుతుంది. దుమారం లేస్తే ఒక్కసారే కుప్పలు. వైర్‌లెస్‌లోనూ అంతే కదండీ. నెటెమ్‌కి ఉత్త 4% అని చెబితే ఒక్కో ప్యాకెట్‌కీ విడిగా పాచిక వేస్తుంది. అది గాలి లేని తోట. దుమారం కావాలంటే గిల్బర్ట్-ఎలియట్ నమూనా పెట్టాలి. గిల్బర్ట్ 1960లో, ఎలియట్ 1963లో చెప్పిన లెక్క అది: ఒక మంచి స్థితి, ఒక చెడు స్థితి. ఒక్కో ప్యాకెట్ దగ్గరా మంచి నుంచి చెడుకి మారే అవకాశం 1%, చెడు నుంచి మంచికి 25% అనుకోండి. చెడులో ఉన్నంతసేపూ అన్నీ రాలిపోతాయనుకుంటే, మొత్తం మీద పోయేది 4% లోపే. కానీ పోయినప్పుడు సగటున వరసగా నాలుగు. వీడియో కాల్‌లో గొంతు తెగిపోయేది ఆ నాలుగింటి దగ్గరే.

— వడ్ల కొనుగోలు దగ్గర మేం ‘తరుగు’ అంటాం. అది కుదరదా?

— మంచి మాటేనండి, చోటు వేరు. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ తరుగుతుంది, గోడ అడ్డొస్తే ఇంకా తరుగుతుంది. ప్యాకెట్ అలా సగం మిగలదు, అందితే అందినట్టు, లేకపోతే లేనట్టు. సిగ్నల్‌కి తరుగు, ప్యాకెట్‌కి రాలుడు అని పెట్టుకుందాం. లినక్స్‌లో వైఫైని అనుకరించేటప్పుడు వాడే వైమీడియమ్‌డి అనే పనిముట్టు చేసేదీ అదే: సిగ్నల్ బలం చూసి ఏ ప్యాకెట్ రాలాలో తేలుస్తుంది. మీ మాట పాఠంలోకి వచ్చేసింది, చాలా సంతోషం.

— ఒక్క మనవి. వైఫైలో రాలినదాన్ని కార్డే మళ్ళీ మళ్ళీ పంపుతుంది, పైనున్న యాప్‌కి చాలాసార్లు ఆలస్యం ఒక్కటే కనబడుతుంది. అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్‌కి మాత్రం ఆ సాయం లేదు. అందుకని ‘గాలిలో రాలినవి’, ‘చివరికి అందనివి’ అని రెండూ విడివిడిగా రాయండి.