టొరంటో మ్యూజియానికి ఆ గాజు కొనలు అవసరమా?

కావలి రమణ: మా అబ్బాయి దగ్గరికి టొరంటో పోయినప్పుడు రాయల్ ఆంటారియో మ్యూజియం చూశాం. 1914లో కట్టింది, ఇటుక గోడలు, కమాను కిటికీలు, ఎంత నిండుగా ఉందో. దానికి ఆనించి 2007లో డేనియల్ లీబెస్కిండ్ అనే ఆర్కిటెక్ట్ అల్యూమినియం, గాజుతో కోసు కోసుగా ఒక కట్టడం లేపాడు. క్రిస్టల్ అంటారు. పాత గోడని పొడుచుకుని బయటికొచ్చినట్టుంది. నాకు కడుపు మండింది. పాత మ్యూజియానికి ఇట్లా చేయొచ్చా?

ఒంగోలు మాధవి: చేయొచ్చు. ప్యారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందర ఐ.ఎం. పెయ్ అనే ఆర్కిటెక్ట్ గీసిన గాజు పిరమిడ్ 1989లో తెరిచినప్పుడూ ఇదే గోల. ఇప్పుడు లూవ్ర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. ఈ కాలంలో కట్టేది ఈ కాలంలాగే ఉండాలి, 1914కి నకలు కడితే చూసేవాళ్లని మోసం చేసినట్టే.

కావలి రమణ: లూవ్ర్‌తో పోలికేంది మాధవి గారూ? ఆ పిరమిడ్ ముంగిట్లో విడిగా ఉంది, ఒక్క పాత గోడని ముట్టుకోలేదు.

గూడూరు బాషా: చలికాలంలో ఆ వాలు గోడల మీద నుంచి మంచుగడ్డలు జారి పడతాయి, ఫుట్‌పాత్ మీద జనం రాకుండా అడ్డాలు పెడతారు. అందం తర్వాత, ముందు నెత్తి మీద పడకుండా కట్టాలి కదా.

ఒంగోలు మాధవి: రమణ గారూ, క్రిస్టల్ కోసం కూల్చింది 1984 నాటి గ్యాలరీలని. 1914 భవనం అట్లాగే ఉంది. మీరేదో పాతదాన్ని చంపేసినట్టు రాస్తున్నారు.

కావలి రమణ: ఉంటే సరిపోతుందా? మా నాయన కట్టించిన మిద్దెకి అరుగు, టేకు స్తంభాలు ఉండేవి. మా తమ్ముడు ఎవరో డిజైనర్ మాట విని అరుగు కొట్టించి ముందంతా గాజు పెట్టించాడు. మొదటి తుపానుకే నీళ్లు హాల్లోకి వచ్చాయి, ఎండాకాలం లోపల కూర్చోలేం. ఇల్లు ఉంది, అందులో మా నాయన ఇల్లు లేదు. తమ్ముడికీ నాకూ మాటల్లేవు.

ఒంగోలు మాధవి: మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ అది మీ అన్నదమ్ముల తగాదా. దాన్ని తెచ్చి టొరంటో మీద రుద్దకండి.

కావలి రమణ: రుద్దేదేంది? కూలిన ఇంటి విలువ పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది!

సింగరాయకొండ సుధ: మెల్లగా అన్నా.

ఒంగోలు మాధవి: నేనూ చెప్తాను వినండి. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో బౌద్ధ స్తూపం ఉంది. మా స్కూలు పిల్లల్ని తీసుకుపోతే ఆ రోజు మేం తప్ప ఇంకో మనిషి లేరు. మన జిల్లాలో అంత పాతది ఉందని పిల్లల అమ్మానాన్నలకే తెలీదు. పాతది గొప్పది అని దండం పెట్టి ఇంట్లో కూర్చుంటే ఏం మిగులుతుంది? రోడ్డు మీద పోయేవాడు ఆగి, ఇదేంటి అని లోపలికి రావాలి. ఆ కోసు గోడ ఆ పని చేస్తుంది.

కావలి రమణ: ఆగినవాడికి లోపల ఏం చూపిస్తారు? ఒరిగిన గోడకి పటం ఎట్లా తగిలిస్తారు? ఇంకోటి వినండి, నా అసలు కోపం ఇదే. తూర్పు వైపు 1933 నాటి పెద్ద వాకిలి, లోపల మొజాయిక్ కప్పు. క్రిస్టల్ వచ్చాక ఆ వాకిలి మూసేశారు, 2017 చివర్లో గానీ తెరవలేదు. పదేళ్లు ఊరివాళ్లు తమ పాత గుమ్మంలో అడుగు పెట్టలేకపోయారు. కొత్తది కట్టుకోండి, మమ్మల్ని పాత దారిలో రానివ్వండి.

ఒంగోలు మాధవి: వాకిలి మూయడం తప్పే, ఒప్పుకుంటా. అది మ్యూజియం నడిపేవాళ్ల నిర్ణయం, గోడ ఆకారానికి సంబంధం లేదు. మీరు ఇప్పటికే లోపల ఉన్నవాళ్ల తరఫున మాట్లాడుతున్నారు, నేను ఇంకా గడప తొక్కని పిల్లల తరఫున.

కావలి రమణ: ఆ పిల్లల కోసం దాచాల్సిన వస్తువుల తరఫున నేను. వస్తువుకి గోడ కావాలి, కారని కప్పు కావాలి. 2024లో ఆ క్రిస్టల్ కింది ప్రవేశాన్నీ లోపలి హాలునీ మార్చే పనులు మొదలెట్టారు, కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు.

ఒంగోలు మాధవి: మారుస్తున్నారు, కూల్చట్లేదు. 1984 గ్యాలరీలకి ఆ అవకాశం కూడా దక్కలేదు.