పిల్లల బేస్‌బాల్‌కి అంపైరింగ్: చేసినవాళ్ళు ఉంటే చెప్పండి

ఫ్రిస్కో నాన్న:
మావాడు లిటిల్ లీగ్‌లో (ఇక్కడి పిల్లల బేస్‌బాల్ సంస్థ) 9-10 ఏళ్ళ గ్రూపులో ఆడుతున్నాడు. ఈ సీజన్‌కి ప్రతి టీమ్ నుంచి పెద్దవాళ్ళు కొందరు అంపైర్లుగా రావాలని మెయిల్ వచ్చింది. గ్రూప్ చాట్‌లో ఎవరూ ఉలకలేదు, పలకలేదు. చివరికి కోచ్ నన్ను పట్టుకున్నాడు, "మీ ఊళ్ళో క్రికెట్ అంపైరింగ్ చేశానన్నావుగా" అని. చేసిన మాట నిజమే, గుంటూరులో టెన్నిస్ బంతి మ్యాచ్‌లకి. అక్కడ ఎల్‌బీడబ్ల్యూ లేదని ముందే అనుకుంటే సగం గొడవ తీరిపోయేది. ఇక్కడ ప్రతి బంతికీ తీర్పు చెప్పాలి. ప్లేట్ (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే తెల్ల పలక) వెనక నిలబడితే ఎలా ఉంటుంది, ఏం కొనుక్కోవాలి, తగువులు ఎక్కడ వస్తాయి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కమ్మింగ్ కీపర్:
స్వాగతం అన్నా. నేను జార్జియాలో కొన్ని సీజన్లుగా చేస్తున్నాను. మొదట క్రికెట్ అలవాట్లు పక్కన పెట్టండి. అక్కడ బంతి మన దగ్గర్నుంచి దూరంగా వెళ్తుంది, తాపీగా చూస్తాం. ఇక్కడ బంతి నేరుగా మన మొహం మీదికి వస్తుంది, మధ్యలో ఉన్నది ఓ తొమ్మిదేళ్ళ క్యాచర్, మన కీపర్ లాంటివాడు. వాడు సగం బంతులు పట్టడు. బరువులో ఈ బంతి క్రికెట్ బంతికి కాస్త తక్కువ, అంతే. తగిలితే తెలుస్తుంది.

నిలబడేది క్యాచర్ నెత్తి మీద కాదు. బ్యాటర్‌కీ క్యాచర్‌కీ మధ్య ఉన్న సందులో, లోపలి వైపు. దాన్నే స్లాట్ అంటారు. మీ గడ్డం క్యాచర్ తల పైభాగం ఎత్తులో ఉండాలి. పిల్లల క్యాచర్లు పొట్టివాళ్ళు కాబట్టి బాగా వంగాలనిపిస్తుంది. మరీ వంగితే మోకాలి దగ్గరి బంతి కనపడదు, నడుమూ పోతుంది. తల కదపకుండా కళ్ళతోనే బంతిని గ్లవ్ దాకా చూడండి. అన్నిటికన్నా కష్టం బ్యాట్ ఊపినప్పుడు కళ్ళు మూసుకోకుండా ఉండటం. దానికి చిట్కాలేం లేవు, పిచింగ్ (బంతి విసిరే) ప్రాక్టీస్ జరిగేటప్పుడు మాస్క్ పెట్టుకుని క్యాచర్ వెనక నిలబడటమే.

ఇక ఆలస్యం చేయడం నేర్చుకోండి. స్టీవ్ బక్‌నర్ గుర్తున్నాడు కదా, వేలెత్తేలోపు మనకి ప్రాణం పోయేది. అంత అక్కర్లేదు గానీ బంతి గ్లవ్‌లో పడ్డాక ఓ క్షణం ఆగి, మనసులో ఇంకోసారి చూసుకుని, అప్పుడు నోరు తెరవాలి. కొత్తవాళ్ళ తప్పులు చాలావరకు కళ్ళవి కావు, తొందరవి.

ఎడిసన్ అమ్మ:
సామాను గురించి నేను చెప్తాను, మా పెద్దాడు పదిహేనేళ్ళకే చేస్తున్నాడు కాబట్టి అన్నీ కొన్నాం. మాస్క్, చెస్ట్ ప్రొటెక్టర్, షిన్ గార్డులు చాలా చోట్ల లీగే ఇస్తుంది. కానీ నిన్న ఇంకొకరు చెమటతో తడిపిన మాస్క్ పెట్టుకోవాలి, మీ ఇష్టం. మగవాళ్ళు కప్ (గజ్జలకి పెట్టుకునే గార్డు) లేకుండా ప్లేట్ వెనక అడుగు పెట్టకండి. ముందు భాగంలో స్టీలు ఉన్న బూట్లు ఖరీదే, ఏడాది తర్వాత కూడా చేయాలనిపిస్తే అప్పుడు కొనండి. బంతులు పెట్టుకునే సంచి, ప్లేట్ తుడిచే చిన్న బ్రష్, లెక్క పెట్టే క్లిక్కర్, ఈ మూడూ కలిపినా పెద్ద ఖర్చు కాదు. టెక్సాస్‌లో మే నెల ఎండకి నీళ్ళ సీసా మీరే తెచ్చుకుని బ్యాక్‌స్టాప్ (ప్లేట్ వెనక ఉండే కంచె) దగ్గర పెట్టుకోండి. అంపైర్‌కి నీళ్ళివ్వాలని ఎవరికీ గుర్తుండదు.

ఫ్రీమాంట్ రవ్వ దోశ:
అసలు తలనొప్పి స్ట్రైక్ జోన్, అంటే బ్యాటర్ కొట్టకపోయినా స్ట్రైక్ ఇచ్చే హద్దు (మూడు స్ట్రైక్‌లైతే ఔట్, హద్దు బయట పోతే బాల్). ఎవరూ ఇంకా ఎత్తలేదేంటి?

కమ్మింగ్ కీపర్:
ఎత్తితే చర్చ తెగదని ఆగాను 🙂 సరే. లిటిల్ లీగ్ రూల్స్ పుస్తకం ప్రకారం బ్యాటర్ చంకల నుంచి మోకాలి పైభాగం వరకు, ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. బంతిలో ఏ కొస తగిలినా స్ట్రైకే. బంతి అడ్డకొలత దాదాపు 3 అంగుళాలు. అంటే రెండు వైపులా కలిపితే చేతిలో 23 అంగుళాల దాకా ఉన్నట్టు. చాలామంది కొత్త అంపైర్లు దీన్ని వదిలేసి టీవీలో కనిపించే పెట్టెలోకి పూర్తిగా వస్తేనే స్ట్రైక్ ఇస్తారు. తొమ్మిదేళ్ళవాళ్ళకి అలా చేస్తే ఆట సాగదు. వాక్, వాక్, వాక్ (నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి పోవడం). ఫీల్డర్లు గడ్డి పీక్కుంటూ కూర్చుంటారు. ఈ వయసు ఆటల్లో నేను ఇంకో బంతి వెడల్పు బయటికి జరుపుతాను. బ్యాట్ అందే బంతి అయితే స్ట్రైక్. పిల్లలు బ్యాట్ ఊపాలి, అప్పుడే ఆట.

ఫ్రీమాంట్ రవ్వ దోశ:
ఇక్కడే నాకూ మీకూ పడదు. మా అమ్మాయి ఓపిగ్గా చూసి వదిలేసిన బంతికి, అదీ ప్లేట్‌కి జానెడు అవతల పోయినదానికి, మూడో స్ట్రైక్ ఇచ్చి పంపారు. ఏడుస్తూ వచ్చింది. పిచర్‌కి సాయం చేయడానికి బ్యాటర్ దగ్గర లాక్కోవడం ఏం న్యాయం? బంతిని ఎంచుకోవడం కూడా ఆటలో నేర్చుకోవాల్సిందే. చూసి వదిలేసినందుకు శిక్ష పడితే, వచ్చే ఏడాది ప్రతి చెత్త బంతికీ బ్యాట్ విసురుతుంది.

షార్లెట్ సుబ్బన్న:
ఇద్దరి మాటా విన్నాక నా అనుభవం చెప్తా. రెండు రకాలుగానూ చేశాను. 8-9 ఏళ్ళవాళ్ళకి పుస్తకం జోన్ పట్టుకుంటే ఒక్క ఇన్నింగ్స్ ముప్పావుగంట నడిచింది, ఇరుపక్షాలా కోచ్‌లే వచ్చి "కాస్త విప్పవయ్యా" అన్నారు. 11-12 ఏళ్ళవాళ్ళ దగ్గర అదే విప్పిన జోన్ వాడితే బ్యాటర్లు నన్ను చంపేసేలా చూశారు, వాళ్ళు అప్పటికి బంతిని నిజంగా చదువుతారు కాబట్టి. అందుకే వయసుని బట్టి మారాలి. కానీ విప్పాలనుకుంటే పక్కలకి విప్పండి, పైకి మాత్రం వద్దు. కళ్ళ ఎత్తున వచ్చే బంతిని ఏ పిల్లాడూ కొట్టలేడు. దోశ గారి అమ్మాయికి ఇచ్చిన జానెడు కాల్ నా లెక్కలో కూడా బాలే. ఆట మొదలయ్యే ముందు ప్లేట్ దగ్గర ఇద్దరు కోచ్‌లతో మాట్లాడతాం కదా, అప్పుడే "ఇవాళ పక్కలకి ధారాళంగా ఇస్తాను, పిల్లల్ని బ్యాట్ ఊపమనండి" అని చెప్పేస్తాను. మొదటి ఇన్నింగ్స్‌లో ఇచ్చినదే ఆఖరి ఇన్నింగ్స్‌లోనూ ఇస్తే ఎవరూ పెద్దగా అరవరు. స్కోరు దగ్గరకొచ్చిందని మధ్యలో బిగిస్తేనే గోల.

ఇంకొకటి. పిల్లలు గాల్లోకి వేసే నెమ్మది బంతి ప్లేట్ ముందు అంచు మీద మోకాలి పైనుంచి దిగి, క్యాచర్ దగ్గరికొచ్చేసరికి మట్టిలో పడుతుంది. అది స్ట్రైకే. ప్లేట్ మీద ఎక్కడుందన్నది చూడాలి, ఎక్కడ పట్టాడన్నది కాదు. స్టాండ్స్‌లో వాళ్ళకి మట్టిలో పడ్డదొక్కటే కనిపిస్తుంది, మీకు తిట్లు ఖాయం.

ఫ్రీమాంట్ రవ్వ దోశ:
ముందే చెప్పి చేస్తే నాకు అభ్యంతరం లేదు. మాకు ఎవరూ చెప్పలేదు, అదీ నా బాధ.

ఫ్రిస్కో నాన్న:
బాబోయ్, ఇంత ఉందా. మరి మిగతా రూల్స్‌లో తగువులు ఎక్కడ?

కమ్మింగ్ కీపర్:
తల్లిదండ్రులు గట్టిగా అరిచే రూల్స్‌లో సగం పుస్తకంలోనే ఉండవు. "టై అయితే రన్నర్‌దే" అంటారు, అంటే బంతీ, రన్నర్ కాలూ ఒకేసారి బేస్‌కి చేరితే ఔట్ కాదని; అలాంటి రూల్ అక్కడ కనపడదు. ముందు బంతి చేరిందా, కాలు చేరిందా, ఏదో ఒకటి మీరే తేల్చాలి. "చేతులు బ్యాట్‌లో భాగం" అంటారు, కాదు. బ్యాట్ ఊపుతుండగా వేళ్ళకి బంతి తగిలితే అది స్ట్రైక్, బంతి డెడ్. "మొదటి బేస్ దాటాక ఎడమకి తిరిగితే ఔట్ చేయొచ్చు" అంటారు, రెండో బేస్‌కి పోబోతేనే. ఫౌల్ గీత మీద పడితే అది ఫెయిర్, అంటే ఆటలో ఉన్న బంతే. త్రో మైదానం బయటికి పోతే "ఒక్క బేసే" అని అరుస్తారు, ఇచ్చేది రెండు.

మొదటి బేస్ దగ్గర మాత్రం ఒక మంచి కిటుకు ఉంది. కళ్ళు బేస్ మీద, చెవులు గ్లవ్ మీద. కాలు పడటం చూడాలి, బంతి పడిన చప్పుడు వినాలి. రెండూ కళ్ళతోనే చూడబోతే రెండూ పోతాయి. మరీ దగ్గరికి పోకండి, పదిహేను అడుగుల దాకా దూరంలో ఉంటేనే బాగా తెలుస్తుంది. పిల్లల ఆటలో ఇంకో చిక్కు, బంతి పట్టినట్టే పట్టి వదిలేస్తారు. అందుకే "ఔట్" అనే ముందు గ్లవ్‌లో బంతి ఉందో లేదో చూడండి.

షార్లెట్ సుబ్బన్న:
ఇన్‌ఫీల్డ్ ఫ్లై మర్చిపోయారు. మనవాళ్ళకి ఇది అస్సలు ఎక్కదు. మొదటి, రెండో బేస్‌ల మీద రన్నర్లున్నా, మూడూ నిండినా, ఇద్దరు ఔట్ కాకముందు, లోపలి ఫీల్డర్ తేలిగ్గా పట్టగలిగేంత గాల్లోకి ఫెయిర్ బంతి లేస్తే, పట్టినా పట్టకపోయినా బ్యాటర్ ఔట్. ఎందుకంటే ఫీల్డర్ కావాలని వదిలేసి ఇద్దర్ని ఔట్ చేయొచ్చు, పట్టేస్తారేమోనని రన్నర్లు కదల్లేరు. బంతి గాల్లో ఉండగానే గట్టిగా అరవాలి. పడ్డాక చెప్తే ఎవరూ నమ్మరు. బంట్‌కి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తాకించడం) ఇది వర్తించదు. తొమ్మిదేళ్ళవాళ్ళలో ఏది తేలిగ్గా పట్టేది అన్నది మళ్ళీ మీ విజ్ఞతే. మా దగ్గర అసలు తేలిగ్గా పట్టే బంతి అంటూ లేదు.

ఫ్రిస్కో నాన్న:
పిచ్‌ల లెక్క కూడా నేనే పెట్టాలా?

షార్లెట్ సుబ్బన్న:
లేదు, దానికి స్కోరర్ దగ్గర వేరే మనిషి ఉంటారు. 9-10 వాళ్ళకి రోజుకి 75, 11-12 వాళ్ళకి 85. మీరు బాల్స్, స్ట్రైక్స్, ఔట్లు చూసుకుంటే చాలు.

ఎడిసన్ అమ్మ:
మీరంతా రూల్స్ మాట్లాడుతున్నారు, నా భయం వేరు. మావాడికి ఎనిమిదేళ్ళ పిల్లల ఆటలు ఇస్తారు. వాడికి రూల్స్ నాకన్నా, అక్కడున్న కోచ్‌లకన్నా బాగా వచ్చు. కానీ నలభై ఏళ్ళ మనిషి కంచె పట్టుకుని అరుస్తుంటే పదిహేనేళ్ళవాడు ఏం చేస్తాడు? 2019లో కొలరాడోలోని లేక్‌వుడ్‌లో ఏడేళ్ళ పిల్లల ఆటలో పెద్దవాళ్ళంతా కలబడి కొట్టుకున్న వీడియో చాలామంది చూసే ఉంటారు. అక్కడ అంపైర్ వయసు 13. ఆ వీడియో చూశాక మా ఆయన వాడిని మాన్పించేద్దామన్నారు. వాడే ఒప్పుకోలేదు.

వాడికి నేర్పించింది ఇది: స్టాండ్స్ వైపు చూడకు, వాళ్ళకి జవాబు చెప్పకు. టైమ్ అని చేతులెత్తి, ఆ టీమ్ హెడ్ కోచ్‌ని పిలిచి "మీవాళ్ళని మీరు చూసుకోండి" అను. అప్పటికీ ఆగకపోతే ఆ మనిషి వెళ్ళేదాకా ఆట మొదలుపెట్టకు. ఇది బాగానే పనిచేస్తోంది, ఎందుకంటే తొంభై శాతం కోచ్‌లకి కూడా ఆ తండ్రి అంటే విసుగే. లీగ్ తరఫున పెద్దవాళ్ళు ఒకరు గ్రౌండ్‌లో ఉండాలని మాత్రం నేను పట్టుబట్టాను. అది లేని చోటికి పంపను.

ఫ్రీమాంట్ రవ్వ దోశ:
2023లో మీ న్యూజెర్సీలోనే డెప్ట్‌ఫర్డ్ లీగ్ వాళ్ళు ఒక రూల్ పెట్టారు కదా, అంపైర్ మీద అరిచినవాళ్ళు మూడు ఆటలకి అంపైరింగ్ చేస్తేనే మళ్ళీ గ్రౌండ్‌లోకి రానిస్తామని. అది అన్ని చోట్లా రావాలి.

ఎడిసన్ అమ్మ:
ఆలోచన బాగుంది గానీ, అరిచేవాళ్ళని తెచ్చి మా పిల్లల ఆటకి అంపైర్‌గా పెట్టడం నాకైతే నచ్చలేదు 😀

కమ్మింగ్ కీపర్:
మనవాళ్ళేం తక్కువ తినలేదు. ఓసారి బేస్ అంపైర్‌గా ఉన్నాను, టోపీ, నల్ల కళ్ళద్దాలు. వెనకనుంచి ఒకాయన తెలుగులో హాయిగా మొదలుపెట్టాడు, "వీడికి కళ్ళున్నాయా అసలు" అని. ఇన్నింగ్స్ అయ్యాక వెనక్కి తిరిగి "ఉన్నాయండి, చూస్తూనే ఉన్నాను" అన్నాను. ఆట అయ్యేదాకా ఆయన నోరు విప్పలేదు, తర్వాత వచ్చి మాది ఏలూరు, మీదెక్కడ అని అడిగాడు.

షార్లెట్ సుబ్బన్న:
ఇప్పుడు కొత్త వేషం ఇంకొకటి. మేజర్ లీగ్‌లో (పెద్దవాళ్ళ ప్రొఫెషనల్ బేస్‌బాల్) 2026 నుంచి బాల్-స్ట్రైక్ మీద చాలెంజ్ పద్ధతి వచ్చింది, అడిగేవాళ్ళు హెల్మెట్ గానీ టోపీ గానీ తట్టాలి. అది చూసి మా పదేళ్ళ బ్యాటర్లు కూడా ప్రతి స్ట్రైక్‌కీ నెత్తి మీద తట్టుకుంటున్నారు. నవ్వొస్తుంది గానీ మాస్క్ లోపల నవ్వాలి.

కొత్త మెంబర్ 2 (రాలీ):
చదువుతూ వచ్చాను, ఒక సందేహం. మా అబ్బాయి వయసు 14, ఎచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నాడు. మా లీగ్ టీనేజర్లకి ఆటకింత అని ఇస్తుంది. తీసుకోవచ్చా?

ఎడిసన్ అమ్మ:
వద్దండి. ఎచ్4 పిల్లలకి పని చేసే అనుమతి ఉండదు, నగదు ఇచ్చినా అది జీతమే. ఎచ్1బీ మీద ఉన్న పెద్దవాళ్ళకీ అంతే, స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప వేరే సంపాదన కుదరదు. ఏమీ తీసుకోకుండా వాలంటీర్‌గా చేయించండి, ఈ పని వాలంటీర్లు చేయడం మామూలే. విలియమ్స్‌పోర్ట్‌లో జరిగే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌కి వచ్చే అంపైర్లే వాలంటీర్లు. కానీ మీ లీగ్ అదే పనికి మిగతా పిల్లలకి డబ్బిస్తోంది కాబట్టి, ఒప్పుకునే ముందు మీ లాయర్‌ని ఒక మాట అడగండి.

కమ్మింగ్ కీపర్:
నాన్న గారూ, పెద్దవాళ్ళకి ఏటా బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. ఆ ఫారం ఇప్పుడే నింపేయండి, ఆఖర్లో ఆగిపోతుంది.

ఫ్రిస్కో నాన్న:
నింపాను. ట్రైనింగ్‌కి కూడా వెళ్ళొచ్చాను. గంటసేపు గొంతెత్తి "ఫౌల్", "టైమ్" అని అరిపించారు, మిగతా టైమంతా ప్లేట్ వెనక వంగి లేవడమే. తొడలు పట్టేశాయి. వాళ్ళు కూడా స్లాట్, ఆలస్యం, ఇవే చెప్పారు. శనివారం పొద్దున్నే మొదటి ఆటకి వేశారు, మావాడి టీమ్ కాదు, అది నయం. ఒక్క డౌట్: నాకు కళ్ళజోడు ఉంది, మాస్క్ లోపల ఇరుక్కుంటుందా?

కమ్మింగ్ కీపర్:
ఇరుక్కోదు. సన్న ఫ్రేమ్ అయితే మంచిది, వెనక తాడు కట్టుకోండి. మాస్క్ తీసేది ఎడమ చేత్తో, క్లిక్కర్ కూడా అదే చేతిలో. టోపీ అంచు పొట్టిది పెట్టుకోకపోతే మాస్క్‌తో పాటు టోపీ, జోడు అన్నీ ఎగిరి కిందపడతాయి. ఇంట్లో అద్దం ముందు ఓ పది నిమిషాలు తీసి పెట్టుకోండి. మీవాడు చూడకుండా.