దుబాసీ అంటే తర్జుమా చేసేవాడేనా?

నిఘంటువులో అర్థాల మీద నిన్న జరిగిన చర్చలో ఒకరు "దుబాసీకి ఇంటర్‌ప్రెటర్ అని రాస్తే సరిపోతుంది" అన్నారు. నాకు సరిపోదనిపిస్తోంది. మాట పుట్టుక తేలికే. ద్విభాషి, హిందుస్తానీలో దుభాషీ, మన నోట దుబాసీ. కానీ పుదుచ్చేరి ఫ్రెంచివాళ్లు ఇదే ఉద్యోగాన్ని 'కూర్తియే' అనేవారు, అంటే బ్రోకరు. గుడ్డలు కొనిపెట్టడం, వర్తకులను కూడగట్టడం, అప్పులు పుట్టించడం, ఊళ్లో తగవులు తీర్చడం అన్నీ ఆయన నెత్తినే. ఇందులో మన మాట చెప్పేది భాష ఒక్కటే.

ఆ ఉద్యోగం ఎంత ప్రమాదమో నైనియప్ప పిళ్లైని చూస్తే తెలుస్తుంది. ఆయన్ని 1708లో దుబాసీగా పెట్టింది గవర్నర్ ఎబేర్. తర్వాత ఎబేర్‌ను దించి దులివియేను గవర్నర్ని చేశారు. 1715లో ఎబేర్ అధికారంతో తిరిగొచ్చాడు. హిందువు ఆ పదవిలో ఉండకూడదని జెస్వీట్ పాదరీలు పట్టుబట్టారు, ఎబేర్ వాళ్ల పక్షం వహించాడు. 1716లో, తాను పెట్టిన మనిషినే జైల్లో వేయించాడు. కొరడా దెబ్బలు, జరిమానా, ఆస్తి జప్తు. 1717లో నైనియప్ప జైల్లోనే చనిపోయాడు.

ఆయన తరఫున నిలబడినవాళ్లలో ఫ్రెంచి వర్తకులే ఉన్నారు. అప్పుల్లో మునిగిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఇండియా వ్యాపారాన్ని ఫ్రాన్స్‌లోని 'సెంమాలో' అనే రేవు వర్తకులకు అప్పగించింది. వాళ్లకూ ఎబేర్‌కూ పడలేదు. నమ్మకమైన దుబాసీ లేకపోతే సరుకు దొరకదని వాళ్లకు బాగా తెలుసు. చివరికి 1719లో ఫ్రాన్స్‌లో ఆ తీర్పును కొట్టేశారు. మనిషి పోయాక వచ్చిన న్యాయం అది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

వ్యాఖ్య: బాగుందండీ. మరి దుబాసీ కదా, విచారణలో ఆయనే ఫ్రెంచిలో గట్టిగా వాదించుకోలేకపోయారా?

జవాబు: అదేనండీ నన్ను కదిలించింది. ఫ్రెంచి దొరలతో ఆయన మాట్లాడింది పోర్చుగీసులో. అప్పట్లో రేవుల్లో వ్యాపారానికి అదే వాడుక భాష. విచారణ మాత్రం ఫ్రెంచిలో నడిపారు. జెస్వీట్ల మనిషి ఒకడు మధ్యలో తర్జుమా చేశాడు. దుబాసీకే వేరే దుబాసీ కావలసి వచ్చింది, వాడు చూస్తే ఎదుటి పక్షం వాడు. అందుకే ఆ మాటకు ఒట్టి ఇంటర్‌ప్రెటర్ అని రాయడానికి నాకు మనసొప్పదు. నిఘంటువులో 'వర్తక మధ్యవర్తి' అని కూడా చేరాలి.

మన తెలుగుకూ ఇక్కడ ఒక సంబంధం ఉంది. నైనియప్ప మేనల్లుడే, తర్వాతి పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నర్ డూప్లే కాలపు దుబాసీ ఆనందరంగ పిళ్లై. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము'ను అంకితమిచ్చింది ఆయనకే. అది చదివినవారు ఎవరైనా ఉంటే, కవి ఆయన్ని దుబాసీ అన్నాడా, ఇంకేమైనా అన్నాడా చెప్పండి. ఆ పద్యం ఇక్కడ పెడితే ఇంకా సంతోషం.