మిత్ర దేవుడి కథే క్రైస్తవంగా మారిందా? అసలు వేళ్లు ఎక్కడున్నాయి?

గోరువంక:
ఈ మధ్య ఒక వీడియో చూశాను. మిత్ర అనే పర్షియా దేవుడు డిసెంబర్ 25న కన్యకు పుట్టాడట, పన్నెండు మంది శిష్యులట, చనిపోయి మూడో రోజు లేచాడట, ఆ కథకే క్రైస్తవులు యేసు పేరు పెట్టుకున్నారట. చిన్నప్పటి నుంచి బైబిల్ చదువుతున్నదాన్ని, అయినా దీనికి ఏం జవాబు చెప్పాలో తెలియక రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ఏ దేవుడు నిజం అనే వాదన వద్దండీ. అంతకుముందున్న మతాల నుంచి క్రైస్తవంలోకి ఏమేం వచ్చాయో చరిత్ర చదివినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాతరాతలు:
ముందు మిత్ర సంగతి తేల్చేద్దాం. రోమన్ శిల్పాల్లో ఆయన బండరాయిలోంచి పుడతాడు, కన్య ఎక్కడా లేదు. ఆ మతంలో అన్నిటికంటే ముఖ్యమైన బొమ్మ ఆయన ఎద్దును చంపడం. ఆయనే చనిపోయి లేచాడనడానికి ప్రాచీన ఆధారం ఒక్కటీ లేదు. శిష్యుల మాటా అంతే, కొన్ని శిల్పాల్లో చుట్టూ చెక్కి ఉండేది పన్నెండు రాశులు. పైగా రోమన్ల మిత్ర ఆరాధన జాడలు దొరికేది మొదటి శతాబ్దం చివరి నుంచి, తొలి క్రైస్తవ ప్రచారకుడు పౌలు రాసిన ఉత్తరాలు చూస్తే క్రీ.శ. 50ల నాటివి. డిసెంబర్ 25 అంటారా, యేసు జీవితం చెప్పే సువార్తల్లో ఏ తేదీ లేదు. సూర్యుడి పండుగ, క్రీస్తు పుట్టినరోజు రెండూ ఆ తేదీకే కనిపించేది 354 నాటి ఒక రోమన్ సంకలనంలో.

ఒలీవకొమ్మ:
గోరువంక గారూ, మీరు అడిగినదానికి జవాబు చాలావరకు మీ చేతిలోని బైబిల్ మొదటి భాగం, అంటే యూదుల లేఖనాలైన పాత నిబంధనలోనే ఉంది. యేసు యూదుడిగా పుట్టాడు, యూదుడిగానే చనిపోయాడు, పౌలు తనను పరిసయ్యుడినని, అంటే ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గం వాడినని చెప్పుకున్నాడు. క్రీస్తు అనే మాటే మెస్సీయకు గ్రీకు అనువాదం, అభిషిక్తుడు అని అర్థం, అంటే తల మీద నూనె పోసి రాజుగానో యాజకుడిగానో నియమించినవాడు. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల వెనక యూదుల పస్కా పండుగ భోజనం ఉంది, బాప్తిస్మం వెనక యూదుల శుద్ధి స్నానాలున్నాయి. పొరుగువాణ్ని నీలాగే ప్రేమించమన్నది కూడా లేవీయకాండం 19వ అధ్యాయంలోదే.

చాలామంది గమనించని విషయం పునరుత్థానం, అంటే చనిపోయినవాళ్లు తిరిగి లేవడం. యేసు కాలానికే దాని మీద యూదుల్లో పెద్ద గొడవ నడుస్తోంది, పరిసయ్యులు ఉందనేవాళ్లు, దేవాలయ యాజకుల వైపున్న సద్దూకయ్యులు లేదనేవాళ్లు. పాత నిబంధనలో అది అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది దానియేలు 12లో. ఆ గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.పూ. 165 ప్రాంతంలో అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, అంటే వాళ్లను ఏలుతున్న గ్రీకు రాజు నాలుగో అంతియొకస్ యూదుల ధర్మశాస్త్రాన్నే నిషేధించి, పాటించినవాళ్లను చంపించిన రోజులు. దేవుడి మాట తప్పనందుకే చనిపోయినవాళ్లకు న్యాయం ఎప్పుడు జరుగుతుంది అనే ప్రశ్న ఆ జనాన్ని ఎంత కోసి ఉంటుందో ఆలోచించండి. ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

దూరపుకొండ:
యూదు మతమే మూలం, ఒప్పుకుంటాను, కానీ పర్షియాను పూర్తిగా పక్కన పెట్టేయకండి. క్రీ.పూ. 539లో పర్షియా రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాక రెండు వందల ఏళ్లు యూదులు పర్షియా పాలనలో ఉన్నారు, యెషయా 45లో ఆ పరాయి రాజునే అభిషిక్తుడు అన్నారు. యోబు గ్రంథంలో సాతాను దేవుడి సభలో నిలబడి నేరం మోపేవాడు మాత్రమే, తర్వాతి యూదు రచనలకు వచ్చేసరికి దేవుడికి శత్రువైపోతాడు. మంచికీ చెడుకీ యుద్ధం, చివరి తీర్పు పర్షియన్ల పాత మతమైన జరతుష్ట్ర మతంలోనూ ఉన్నాయి కాబట్టి ప్రభావం ఉందని నా నమ్మకం. ఎంత అనేది మాత్రం తేల్చడం కష్టం, ఎందుకంటే మనకు మిగిలిన ఆ మతపు పవిత్ర గ్రంథం అవెస్తా చేతిరాతలన్నీ క్రీస్తు తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచాక రాసినవే.

గ్రీకుల నుంచి వచ్చింది ఎక్కువగా భాష. యెషయా 7:14లో హీబ్రూ మాటకు యువతి అని అర్థం, గ్రీకు అనువాదంలో అది కన్య అయింది, సువార్త రాసిన మత్తయి దాన్నే తీసుకున్నాడు. యోహాను సువార్త మొదట్లో వాక్యము అని చదువుతాం కదా, లోగోస్ అనే ఆ మాటను గ్రీకు తత్వవేత్తలు, అలెగ్జాండ్రియాలో ఉన్న ఫైలో అనే యూదు పండితుడు అంతకుముందే వాడారు.

గోరువంక:
అందరికీ చాలా థ్యాంక్స్, మనసు కాస్త కుదుటపడింది. ఇంకొక్కటి చెప్పండి. ఇంతగా యూదు మతంలోనే ఉంటే మరి ఎప్పుడు విడిపోయింది?

ఒలీవకొమ్మ:
ఒక్క రోజులో విడిపోలేదండీ. అపొస్తలుల కార్యములు 3:1లో పేతురు, యోహాను ప్రార్థన వేళకు దేవాలయానికే వెళ్తున్నారు. 15వ అధ్యాయానికి వచ్చేసరికి అన్యులకు, అంటే యూదులు కానివాళ్లకు సున్నతి కావాలా అని తగవు, అక్కర్లేదని తేల్చారు, దాంతో దారి వేరుపడటం మొదలైంది. 70లో రోమన్లు దేవాలయాన్ని తగలబెట్టాక రెండు వైపులా ఎవరి దారి వాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా 386లో అంతియొకయ నగరంలో జాన్ క్రిసోస్టమ్ అనే క్రైస్తవ బోధకుడు తన ప్రసంగాల్లో క్రైస్తవులనే మందలిస్తున్నాడు, యూదుల పండుగలకు వాళ్ల ప్రార్థనా స్థలమైన సమాజమందిరానికి వెళ్లడం మానండి అని. అంటే అప్పటికీ వెళ్తూనే ఉన్నారు.