మిట్టమధ్యాహ్నం నీళ్లు చల్లితే ఆకులు కాలతాయా?

మిద్దెతోట: ఎండలో మొక్కల మీద నీళ్లు చల్లితే ప్రతి బొట్టూ భూతద్దమై ఆకును కాల్చేస్తుంది. మా మిరప ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు, ఫొటో పెట్టాను చూడండి. కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

భూతద్దం: నేనున్నానండి. చిన్నప్పుడు కాగితం కాల్చే ఉంటారు. అద్దాన్ని కాగితానికి ఆనించి కాల్చారా? 5 సెంటీమీటర్ల అద్దం మీద పడే ఎండ మంచి వేసవిలో 2 వాట్లు, అంతే. నాభ్యంతరం, అంటే అద్దం నుంచి ఎండంతా ఒకచోట చేరే నాభి దాకా దూరం, 10 సెంటీమీటర్లయితే, సరిగ్గా ఆ ఎత్తులో పట్టుకున్నప్పుడు అదంతా ఒక మిల్లీమీటరు చుక్కలోకి చేరుతుంది. అప్పుడే పొగ. అద్దాన్ని రెండు వేళ్లంత కిందికి దించండి, చుక్క వెడల్పై పొగ ఆగిపోతుంది. ఆకు మీద నీటిబొట్టు చదునుగా పరుచుకుంటుంది. మధ్యాహ్నం దాని నాభి పడేది ఆకుకి బాగా కింద. పైగా ఆ నీరే ఆకును చల్లబరుస్తుంది.

ఆవకాయ: మా నానమ్మ కూడా పొద్దున్నే పొయ్యమనేది.

మిద్దెతోట: గాజుగోళీ పెట్టి చూశాను, ఆకు కాలింది. ఇప్పుడేమంటారు?

భూతద్దం: గోళీ గుండ్రంగా ఉంటుంది, ఆరిపోదు, ఆకును చల్లబరచదు. 2010లో హంగేరీ పరిశోధకులు ఈ పరీక్షే చేశారు. మేపుల్ ఆకుల్ని గాజుగోళీలు కాల్చాయి, నీటిబొట్లు కాల్చలేదు. సాల్వీనియా అనే నీటిమొక్క మీద మాత్రం కాలిన మచ్చలొచ్చాయి. దాని నూగు బొట్టును గుండ్రంగా ఎత్తి పట్టుకుంటుంది మరి.

మిద్దెతోట: చూశారా, కాలుతుందని మీరే ఒప్పుకున్నారు! మా వంకాయ ఆకులకీ నూగుంది.

భూతద్దం: ఫొటోలో ఉన్నది మిరప.

ఆవకాయ: యూరియా ఏమైనా చల్లారా సార్?

మిద్దెతోట: ముందురోజు చల్లాను, అది వేరే సంగతి. 12 ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నాను, నాకు పాఠాలు చెప్పొద్దు! నీళ్లు పోసే కుర్రాడికి మధ్యాహ్నం పొయ్యొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినలేదు. జీతంలో 300 కోశాను. ఇప్పుడు మా ఆవిడ తిరిగి ఇచ్చెయ్యమని ఒకటే గోల.

భూతద్దం: అదా సంగతి! యూరియా ఎంత కలిపారు?

మిద్దెతోట: 5 లీటర్ల స్ప్రేయర్‌కి పావుకిలో.

ఆవకాయ: అమ్మో! పొలంలో మేం లీటరుకి 20 గ్రాములు దాటించం. మీది 50. ఆకు మాడక ఏం చేస్తుంది?

మిద్దెతోట: కొలత పక్కన పెట్టండి. నేను వద్దన్నాక పోశాడా లేదా?

భూతద్దం: అయితే మాట విననందుకు కోశానని ఇంట్లో చెప్పండి. నీటిబొట్టు మీద పెడతారేం?

ఆవకాయ: కుండీల్లో మొక్కలు కదా, వాడిపోతున్నాయని పోసుంటాడు పాపం. 300 ఇచ్చెయ్యండి సార్.

మిద్దెతోట: వంకాయకి నూగుందా లేదా? ముందు దానికి జవాబు చెప్పండి.