రీడ్-ఓన్లీ రూట్ పెట్టగానే ఎంజినెక్స్ వెబ్ సర్వర్ లేవట్లేదు, మీరెలా నడుపుతున్నారు?

రాత్రి_డ్యూటీ:
కంటైనర్లన్నిటికీ (యాప్‌లని విడివిడిగా నడిపే పెట్టెలు) రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ, అంటే చదవడమే తప్ప రాయనివ్వకుండా, చేయమని సెక్యూరిటీ ఆడిట్‌లో రాశారు. ఆ కంటైనర్లని నడిపే కుబర్నెటీస్‌లో సెక్యూరిటీ కాంటెక్స్ట్ కింద ఆ ఒక్క లైను ట్రూ చేశానో లేదో ఎంజినెక్స్ పాడ్ (కంటైనర్ ఉండే యూనిట్) క్రాష్‌లూప్‌లో పడింది, లేవడం పడిపోవడం అదే పని. క్లయింట్_టెంప్ ఫోల్డర్ పెట్టలేకపోయానని లాగ్‌లో ఎర్రర్ 30 (ఫైల్‌సిస్టమ్ రీడ్-ఓన్లీ అని) చూపిస్తోంది.

పాతకాపు:
ఎంజినెక్స్ రెండు చోట్ల రాస్తుందండీ. తన క్యాష్ ఫోల్డర్ ఒకటి, పిడ్ ఫైల్ (ప్రాసెస్ నంబర్ రాసుకునేది) ఉండే రన్ ఫోల్డర్ ఇంకోటి. రెండింటికీ ఎంప్టీడిర్ (పాడ్ ఉన్నంతసేపే ఉండే ఖాళీ వాల్యూమ్) తగిలించండి. డిఫాల్ట్ కాన్ఫ్ మార్చలేకపోతున్నానని కూడా లాగ్‌లో వస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు. ఐపీవీ6 లైను చేర్చబోయిన స్టార్టప్ స్క్రిప్ట్ గొణుగుడు అది.

ఇడ్లీ_ఆప్స్:
ఏ యాప్ ఎక్కడ రాస్తుందో ఊహించుకోవడం ఎందుకు? టెస్టింగ్‌లో మామూలుగానే నడిపి, అన్ని ఫీచర్లూ వాడి, డాకర్ డిఫ్ (కంటైనర్‌లో మారిన ఫైళ్ల లిస్టు ఇచ్చే కమాండ్) కొట్టండి. కొత్తగా వచ్చిన ఫైళ్ల పక్కన ఏ, మారినవాటి పక్కన సీ ఉంటుంది. యాప్ లేచింది కదా అని వదిలేయొద్దు. మా దగ్గర పీడీఎఫ్ రిపోర్ట్ ఫాంట్ క్యాష్‌ని హోమ్ ఫోల్డర్‌లో రాసేది, నెలాఖరుదాకా ఎవరికీ తెలియలేదు.

గోదారిగట్టు:
జావావాళ్లకి ఇంకో తంటా ఉంది. డాకర్‌లో టీఎంపీఎఫ్ఎస్ (మెమరీలో ఉండే టెంప్ ఫోల్డర్) ఇస్తే మామూలుగా నోఎగ్జెక్‌తోనే, అంటే అందులోని ఫైళ్లని రన్ చేయనివ్వకుండా, మౌంట్ అవుతుంది. స్నాపీ (డేటా కంప్రెషన్‌ది) లాంటి లైబ్రరీలేమో నేటివ్ ఫైల్‌ని (మెషిన్ కోడ్ ఉండేది) టెంప్‌లోకి విప్పి అక్కణ్నుంచే లోడ్ చేసుకుంటాయి. ఫైలు కళ్లెదుటే ఉంటుంది, పర్మిషన్లూ సరిగ్గానే ఉంటాయి, లోడ్ మాత్రం కాదు. ఎగ్జెక్ అని విడిగా ఇవ్వచ్చు. నేనైతే ఆ ఫైల్‌ని ఇమేజ్‌లోనే (కంటైనర్ తయారయ్యే మూస) పెట్టి పాత్ చూపిస్తాను. టెంప్‌లో రాసినదాన్ని రన్ కూడా చేయనిస్తే వీధి తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు తీసినట్టే.

రాత్రి_డ్యూటీ:
ఎంజినెక్స్ లేచింది, థాంక్స్. ఎంప్టీడిర్‌ని మెమరీలో పెడితే స్పీడ్ వస్తుందా?

పాతకాపు:
దాని జోలికి పోకండి. అందులో రాసే ప్రతి ఎంబీ కంటైనర్ మెమరీ లిమిట్‌లోకే లెక్క. పెద్ద అప్‌లోడ్ ఒకటి తగిలితే ఓఓఎం కిల్ (మెమరీ చాలక ప్రాసెస్‌ని చంపేయడం) ఖాయం. డిస్క్ మీదే ఉంచి సైజ్‌లిమిట్ పెట్టండి. అది దాటితే కుబర్నెటీస్ పాడ్‌ని ఎవిక్ట్ చేస్తుంది (బయటికి పంపేస్తుంది), కారణం కూడా ఈవెంట్స్‌లో కనిపిస్తుంది.

ఇడ్లీ_ఆప్స్:
ఇమేజ్‌లో ముందే ఫైళ్లున్న ఫోల్డర్ మీద ఎంప్టీడిర్ పెడితే అవి మరుగున పడిపోతాయి, చూసుకోండి. డాకర్‌లో ఖాళీ నేమ్డ్ వాల్యూమ్‌లోకి ఇమేజ్‌లోని ఫైళ్లు కాపీ అవుతాయి, కుబర్నెటీస్ ఎంప్టీడిర్‌లో అలా జరగదు. ఇనిట్ కంటైనర్‌తో (అసలు యాప్ కంటే ముందు నడిచేది) కాపీ చేయించాల్సిందే.

కొత్తబాణీ:
పైథాన్ పైక్యాష్ (కంపైల్ చేసిన కోడ్ దాచుకునే ఫోల్డర్) సంగతేంటి? దానికీ వాల్యూమ్ కావాలా?

గోదారిగట్టు:
అక్కర్లేదు. రాయలేకపోతే కిక్కురుమనకుండా వదిలేస్తుంది. కాకపోతే లేచిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేసుకోవాలి కాబట్టి ఇమేజ్ బిల్డ్‌లోనే ఆ పని కానివ్వండి.