మంచి పనివాడు దొరికాడు, వాణ్ణి ఎలా నిలుపుకోవాలి?

గుణుపురం వైండింగ్:
నమస్తే అండీ. గుణుపురంలో పద్నాలుగేళ్ళుగా మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను, నాతో కలిపి ఆరుగురం. రెండేళ్ళ కిందట ఒక సవర గిరిజన కుర్రాడు చేరాడు, మాట తక్కువ. కాలిన మోటారు రాగానే మేమంతా కాయిళ్ళు కోసి పారేస్తాం, వాడు మాత్రం ముందు టార్చి వేసి ఏవి నల్లబడ్డాయో కాగితం మీద గీసుకుంటాడు. మొన్న ఒక రైతు అదే మోటారు మూడోసారి తెచ్చాడు. వీడు చూసి, "ఇది స్టార్ కనెక్షన్, అంటే మూడు ఫేజుల కాయిళ్ళ కొసలూ ఒకచోట కలిపినది, రెండు ఫేజుల కాయిళ్ళు మాడి మూడోది బాగానే ఉంది, అంటే ఒక ఫేజు రావట్లేదు" అన్నాడు. వెళ్ళి చూస్తే ఫ్యూజు లూజు. రెండుసార్లు డబ్బు తీసుకున్నది నేను, చాలా బాధేసింది. వాడు విశాఖ వెళ్ళిపోతాడేమోనని ఒకటే టెన్షన్. మేస్త్రీని చేద్దామంటే పాతవాళ్ళు ఊరుకోరు.

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, మా ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పాలని ముందు తానే సవర నేర్చుకున్నారు. మాట తక్కువని అన్నారు కదా, ఏ భాషలో తక్కువ? తెలుగూ ఒడియా గడగడా మాట్లాడేవాళ్ళనే మనం తెలివైనవాళ్ళు అనుకుంటాం, అలా ఎంతమందిని వదిలేశామో.

బరంపురం రవాణా:
మేస్త్రీని చెయ్యకండి అన్నా. అమూల్ సంగతే చూడండి. ఇంజనీరు కురియన్ గుజరాత్‌లోని ఆనంద్ ఊరు వదిలి వెళ్ళిపోతుంటే పాల రైతుల సంఘం నాయకుడు త్రిభువన్‌దాస్ పటేల్ పట్టుబట్టి ఆపారు, కురియన్ తన స్నేహితుడు దలాయాను రప్పించారు, గేదె పాలను పొడి చెయ్యడం కుదరదన్న రోజుల్లో ఆయన చేసి చూపించాడు, 1955లో ఫ్యాక్టరీ లేచింది. రైతుల నమ్మకం పటేల్‌ది, నిర్వహణ కురియన్‌ది, యంత్రం దలాయాది, ఎవరి పని వాళ్ళది. మీ వాడికీ మోటారు ఎందుకు కాలిందో చెప్పే పని ఒక్కటే ఇవ్వండి, దానికి వేరే డబ్బు కట్టండి.

రాయగడ అక్క:
డబ్బొక్కటే చాలదు తమ్ముడూ. వాడు వెళ్ళిపోయినా ఆ విద్య షాపులో ఉండాలి. ఒక రిజిస్టరు పెట్టి, వాడు గీసినట్టే ప్రతి మోటారుకీ పాతవాళ్ళ చేత గీయించండి. కాయిళ్ళు చుట్టడంలో వాళ్ళ పనితనం వీడికి రాదు కదా, అది వీడూ వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి, అప్పుడే కోపాలు తగ్గుతాయి.

గుణుపురం వైండింగ్:
రిజిస్టరు కొన్నానక్కా. పాత కాగితాలుంటే ఇమ్మంటే టూల్ బాక్సు అడుగునుంచి ఒక కట్ట తీశాడు, రెండేళ్ళవి, ఒక్కటీ పారెయ్యలేదు.